పోయింది వడ్డీ దగ్గర, వెతుకుతున్నది వంకాయల దగ్గర

(అనంతపురంలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, కొత్తగా కాపురం పెట్టిన దంపతుల కోసం జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత పోస్టాఫీసు ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప మీద చోటుంది. పాపను ఎత్తుకున్న ఆ తల్లికి ఎవరైనా కుర్చీ ఇవ్వండి. ఆ, కూర్చోమ్మా. పాప ఏడ్చినా ఏం ఫర్వాలేదు, నేను గట్టిగానే మాట్లాడతాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చున్నాను. మొదట ధర్మవరం, తర్వాత కళ్యాణదుర్గం, చివరి పదకొండేళ్లు ఇక్కడే అనంతపురంలో. ఆ కిటికీలోంచి నేను మనుషుల మొహాల కంటే వాళ్ల పాస్‌బుక్కులే ఎక్కువ చూశాను. పాస్‌బుక్కు చూస్తే ఇల్లు తెలిసిపోతుంది. ఏ నెల పెళ్లి జరిగింది, ఏ నెల ఆస్పత్రికి పోయారు, ఏ ఏడు బుడ్డలు, అంటే వేరుశనగ పంట ఎండిపోయింది, అన్నీ ఆ గీతల్లోనే ఉంటాయి. ఈరోజు మీకు చెప్పేది అక్కడ నేర్చుకున్నదే.

పొదుపు గురించి మాట్లాడమన్నారు. పొదుపు అనగానే మన ఆడవాళ్ల చూపు వంటింటి మీదికి పోతుంది. నూనె తగ్గిద్దాం, పాలలో నీళ్లు కలుపుదాం, టమోటాలు ఐదు రూపాయలు తగ్గించి అడుగుదాం. సరే, ఒక లెక్క వేద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకు ఎనిమిది కేజీల టమోటాలు అనుకోండి. కేజీకి ఐదు రూపాయలు బేరమాడి తగ్గించుకుంటే నెలకు 40 రూపాయలు. ఏడాదికి 480. ఇప్పుడు అదే ఇంట్లో లక్షన్నర అప్పు రెండు రూపాయల వడ్డీకి ఉందనుకోండి. నెలకు వడ్డీ 3,000. అంటే ఒక్క నెల వడ్డీ ఆరేళ్ల టమోటా బేరానికి సమానం. ఎండలో బండి దగ్గర నిలబడి ఆరేళ్లు బేరమాడింది, ఒక్క ఒకటో తారీఖున పోతుంది. మన ఇళ్లలో డబ్బు పోతున్నది వడ్డీ దగ్గర. మనం వెతుకుతున్నది వంకాయల దగ్గర. నేను ఈరోజు చెప్పాలని వచ్చింది ఇదే.

'రెండు రూపాయల వడ్డీ' అనే మాట చెవికి చాలా చిన్నగా వినిపిస్తుంది. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. వందకు నెలకు రెండు అంటే ఏడాదికి ఇరవై నాలుగు. మూడు రూపాయలంటే ముప్పై ఆరు. 2004 తర్వాత మన పొదుపు సంఘాల్లోకి పావలా వడ్డీ అనే మాట వచ్చింది, గుర్తుందా? పావలా అంటే ఏడాదికి మూడు శాతం. అదీ వడ్డీయే, ఇదీ వడ్డీయే. కానీ రెండు రూపాయల వడ్డీకి తెస్తే, యాభై నెలలకు అసలు ఎంతో వడ్డీ కూడా అంత కట్టేసి ఉంటాం. అసలు మాత్రం అట్లే కూర్చుని ఉంటుంది, కదలదు.

ఇంకో సంగతి చాలామంది చిన్నవాళ్లకు తెలీదు. ప్రోనోటుకు, అంటే అప్పు తెచ్చినప్పుడు రాసిచ్చే పత్రానికి, కాలపరిమితి మూడేళ్లు. అందుకని మూడేళ్లు పూర్తి కాకముందే అప్పిచ్చిన ఆయన నోటు తిరగరాయమంటాడు. మధ్యలో నాలుగైదు నెలలు వడ్డీ కట్టలేకపోయి ఉంటాం కదా, ఆ బాకీని కూడా అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తారు. ఇక వడ్డీకి వడ్డీ మొదలు. లక్షన్నర తెచ్చినవాళ్లు లక్షా అరవై ఐదు వేలకు సంతకం పెడతారు, కొత్తగా ఒక్క రూపాయి కూడా చేతికి రాకుండానే. కాబట్టి ఎంత చిన్న మొత్తం కట్టినా సరే, ప్రోనోటు వెనక చెల్లు రాయించుకోండి. తారీఖు వేయించుకోండి. 'మనవాడే కదా' అని మొహమాటపడొద్దు. మొహమాటపడి రాయించుకోనివాళ్లు తర్వాత మా కౌంటర్ దగ్గర నిలబడి ఎట్లా బాధపడతారో నేను చూశాను.

ఈ అప్పులు దేనికి తెస్తున్నాం? జబ్బుకు తెస్తే నేను తప్పుపట్టను. బోరుకు తెస్తే, ఎద్దులకు తెస్తే, చదువుకు తెస్తే కూడా ఒక అర్థం ఉంది. నన్ను బాధపెట్టేది వేరే. మా పక్క వీధిలో ఒక పిల్లాడు, పెళ్లైన రెండేళ్లకు కొడుకు పుట్టాడు. మంచి పిల్లాడు, కష్టపడతాడు. మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు తీసుకున్నాడు. నన్నూ పిలిచాడు, పోయాను. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ, కిరీటం పెట్టిన పిల్లాడి ఫొటో, చుట్టూ నాలుగు వరసల్లో బంధువుల ఫొటోలు. మూడంతస్తుల కేకు. డ్రోన్‌తో వీడియో తీస్తుంటే ఆ శబ్దానికి పిల్లాడు జడుసుకుని ఏడుపు. ఏడుస్తూ ఏడుస్తూ, కేకు కోయకముందే వాళ్ల అవ్వ భుజం మీద నిద్రపోయాడు. ఆ కొవ్వొత్తి తండ్రే ఊదేశాడు. అయిన ఖర్చు లక్షన్నర, తెచ్చింది రెండు రూపాయల వడ్డీకి. ఇప్పుడు ఆ పిల్లాడు ఒకటో తరగతికి పోతున్నాడు. ఆ కేకుకు నెల నెలా మూడు వేలు ఇంకా కడుతూనే ఉన్నారు. మొన్న వాళ్లమ్మ స్కూలు ఫీజుకు చేబదులు కావాలని నా దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లలోకి చూడడం నాకే కష్టమైంది.

అదే నెలకు మూడు వేలు పోస్టాఫీసు ఆర్‌డీలో, అంటే నెల నెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో, వేసిన ఇల్లు కూడా నాకు తెలుసు. ఐదేళ్లు, అంటే అరవై నెలలు. కట్టింది లక్షా ఎనభై వేలు. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీతో చేతికి రెండు లక్షల పద్నాలుగు వేల దాకా వస్తుంది. పుట్టినరోజు చేసిన ఆ తండ్రి కట్టింది కూడా లక్షా ఎనభై వేలే, అరవై నెలలే. చివరికి ఒక ఇంట్లో రెండు లక్షల పద్నాలుగు వేలు ఉన్నాయి, ఇంకో ఇంట్లో లక్షన్నర బాకీ ఉంది. సంపాదన ఒక్కటే, కట్టే ఓపిక ఒక్కటే, కట్టిన నెలలూ అన్నే. డబ్బు నడిచిన దిక్కు ఒక్కటే వేరు. చేతికి వచ్చిన లక్షన్నర వాళ్లు వాడుకున్నారు కదా అంటారేమో. వాడుకున్నారు. ఒక్క సాయంత్రం వాడుకున్నారు.

పుట్టినరోజు చేయొద్దని నేను అనను. పిల్లల వేడుక చేసుకోకపోతే ఇంకెందుకు బతుకు? ఓళిగలు చేయండి, చిత్రాన్నం కలపండి, పదిమందిని పిలవండి, గుడికి తీసుకుపోండి. చేతిలో ఉన్న డబ్బుతో చేయండి. పుట్టువెంట్రుకలకు కదిరి పోతారు, కసాపురం పోతారు, పోండి. దేవుడు మనల్ని బస్సులో రావద్దనలేదు. మూడు కార్లు మాట్లాడమన్నది చుట్టాలు.

మా అమ్మ కూలి చేసేది. మాకు మూడెకరాల మెట్ట ఉండేది. అనంతపురంలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ ఎప్పుడు పడుతుందో తెలీదు. మెట్టలో బుడ్డలు తప్ప ఇంకేం వేయగలం? పంట కొట్టంలోకి రాగానే మా అమ్మ చేసే మొదటి పని ఏంటంటే, వచ్చే ఏటి విత్తనపు కాయలు పక్కకు తీయడం. మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, గోనెసంచిలో పోసి, మూతి కుట్టి అటక మీద పెట్టేది. ఆ తర్వాతే అమ్మడం, తినడం, అప్పు తీర్చడం. ఎండాకాలంలో సంగటిలోకి ఊరిబిండి చేయడానికి ఇంట్లో గింజ లేకపోయినా ఆ సంచి దించేది కాదు. మేం ఏడ్చేవాళ్లం. 'అది మన కాయ కాదు, భూమిది' అనేది. విత్తనం తినేసిన ఇళ్లు కూడా మా వీధిలో ఉండేవి. వాన పడగానే వాళ్లు పెద్ద రైతు ఇంటికి పోయి నాగుకు, అంటే గింజల అప్పుకు, తెచ్చుకునేవాళ్లు. బస్తాకు బస్తాన్నర తిరిగి కొలవాలి. పంట వచ్చినా రాకపోయినా కొలవాలి. అట్లా ఒకసారి నాగుకు తెచ్చిన ఇల్లు మళ్లీ విత్తనం దాచుకోవడం నేనైతే చూడలేదు.

జీతం కూడా అంతే అమ్మా. ఖర్చులన్నీ పోయాక మిగిలింది దాచుకుందాం అంటే ఏ నెలా మిగలదు. ఇది నేను లెక్కతో చెబుతాను. పోస్టాఫీసు ఆర్‌డీలో ఒక నియమం ఉంది: నెలలో పదిహేనో తారీఖులోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా పదిహేనులోపు కట్టాలి. పదహారు తర్వాత తెరిస్తే నెలాఖరు దాకా గడువు ఉంటుంది. చాలామంది తెలివిగా, గడువు ఎక్కువ దొరుకుతుందని, నెలాఖరు ఖాతాలే తెరిపించుకునేవాళ్లు. ఇన్నేళ్లలో నేను చూసింది ఏంటంటే, జీతం వచ్చిన ఐదు రోజుల్లో కట్టేవాళ్ల ఖాతాలు ఐదేళ్లు నిండేవి. ముప్పైయో తారీఖు మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చేవాళ్ల ఖాతాలు రెండో ఏడు దాటేవి కావు. ఒక నెల తప్పితే వందకు రూపాయి జరిమానా, అది పెద్ద విషయం కాదు. నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. రెండు నెలల్లోపు వచ్చి బాకీ కట్టి బతికించుకోకపోతే ఇక అందులో వేయడానికి ఉండదు. అందుకని ఖాతా తెరిచేది మొదటి పక్షంలోనే తెరవండి. విత్తనం ముందు పక్కకు తీయాలి.

ఆర్‌డీలో ఇంకో సౌకర్యం ఉంది, చాలామంది వాడుకోరు. పన్నెండు నెలలు వరసగా కట్టాక, ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా అప్పుగా తీసుకోవచ్చు. ఆర్‌డీ వడ్డీ మీద రెండు శాతం ఎక్కువ, అంతే. ఇప్పటి లెక్కలో ఏడాదికి 8.7. బయట రెండు రూపాయల వడ్డీ అంటే 24. అత్తగారికి ఉన్నట్టుండి ఆపరేషన్ అన్నారు, ఇరవై వేలు కావాలి, ఎక్కడికి పోతారు? ముందు మీ పాస్‌బుక్కు దగ్గరికి పోండి. అది లేకపోతే పొదుపు సంఘం. అదీ కుదరకపోతే బ్యాంకులో బంగారం. మెడలో గొలుసు తాకట్టు పెట్టడం నామోషీ అనుకుని మూడు రూపాయల వడ్డీకి పోయేవాళ్లను చూశాను. గొలుసు లాకర్‌లో ఉంటే ఎవరికీ కనపడదు. వడ్డీ అడగడానికి మనిషి గడప దగ్గర నిలబడితే వీధంతా కనపడుతుంది. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. మీ ఫోన్‌లోని నంబర్లన్నీ వాళ్ల చేతికి పోతాయి, ఆ తర్వాత మీ పరువు కూడా.

చీటీల గురించి ఎవరో చీటీ రాసి పంపారు. చెబుతాను. నాకు జరిగిందే చెబుతాను. 2004లో మా వీధిలో ఒకామె చీటీ నడిపేది. ఇరవై ఐదు నెలలు, నెలకు రెండు వేలు. నేను పోస్టాఫీసులో పనిచేస్తూ కూడా అందులో చేరాను. పండక్కి అందరికీ చీర పెట్టేది, పిల్లల్ని ఎత్తుకునేది, మా ఇంట్లో మనిషిలా ఉండేది. పద్నాలుగు నెలలు కట్టాను, ఇరవై ఎనిమిది వేలు. పదిహేనో నెల కట్టడానికి పోతే ఇంటికి తాళం. తులసికోట దగ్గర నీళ్లు పోసిన తడి కూడా ఆరలేదు, మనుషులు లేరు. నా చేతిలో ఒక చిన్న అట్ట కార్డు, దాని మీద పద్నాలుగు సంతకాలు. ఏ పోలీస్ స్టేషన్‌లోనూ ఆ కార్డుకు విలువ లేదు. ఆ ఇరవై ఎనిమిది వేలు మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజు. ఆ ఏడు ఎంత బాధపడ్డామో మా ఆయనకు, నాకే తెలుసు. దేశంలో చిట్‌ఫండ్ చట్టం 1982లోనే వచ్చింది. చీటీ నడపాలంటే రిజిస్టర్ చేయించాలి, నడిపేవాళ్ల కమీషన్‌కు కూడా పరిమితి ఉంది, ఇప్పుడు ఏడు శాతం. కాబట్టి చీటీలో చేరే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. 'నా మీద నమ్మకం లేదా అక్కా' అంటే, నమ్మకం ఉందమ్మా, కాగితం కూడా కావాలి అనండి. బ్యాంకు సంగతి వేరు. బ్యాంకు మూతపడినా ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకా బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. పోస్టాఫీసులో వేసిన దానికి కేంద్ర ప్రభుత్వమే పూచీ. ఈ దేశంలో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 1882 నుంచి ఉంది. మా ముత్తాత కాలం అది.

వంటింటి సంగతి పూర్తిగా వదలను, కొంచెం చెబుతాను. సరుకు దేనికి అది కొత్త పంట వచ్చినప్పుడు కొనండి. చింతపండు ఎండాకాలం మొదట్లో, హిందూపురం మార్కెట్‌కు కొత్తది దిగినప్పుడు ఏడాదికి సరిపడా తీసుకుని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తండి. కందిబ్యాళ్లు, మిరపకాయలు కూడా అట్లే. టమోటాలు కక్కలపల్లి మార్కెట్‌లో ఒక్కోసారి అడిగే నాథుడు లేక రోడ్డు మీద పారబోస్తారు, ఇంకోసారి కేజీ వంద దాటుతుంది. చవకగా ఉన్నప్పుడు ఒక డబ్బా కొని, ముక్కలు కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టండి. ఎండకైతే మనకు కరువు లేదు కదా. ఆ ఒరుగులు వానాకాలం దాకా పప్పులోకి వస్తాయి. ఇరవై ఆరు కేజీల బియ్యం మూట చూశారా అంగట్లో? 2022 జులైలో ఇరవై ఐదు కేజీల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశారు, ఐదు శాతం. దాంతో వ్యాపారులు ఒక కేజీ పెంచి మూట కట్టారు. అందుకని మూట ధర చూసి పోల్చకండి, కేజీ ఎంత పడిందో భాగించి చూసుకోండి.

ఇక మందులు. బీపీ, షుగర్ మాత్రలు నెల నెలా కొనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, డాక్టర్‌ను అడిగి మందు పేరు రాయించుకుని జన ఔషధి అంగడికి పోండి. సగానికి సగం, ఇంకా తక్కువకు కూడా దొరుకుతాయి. మా ఆయన మాత్రలు నేను అక్కడే తెస్తాను.

ఫోన్‌తో డబ్బులు కట్టడం గురించి తప్పకుండా చెప్పాలి. చేతిలో నోటు ఉంటే ఖర్చు పెట్టేటప్పుడు మనసు ఒక క్షణం ఆగుతుంది. స్కాన్ చేస్తే ఆగదు. ఫోన్ వద్దనను, అది లేకుండా ఇప్పుడు నడవదు. ఒక పని చేయండి. జీతం పడే ఖాతా ఫోన్‌కు కలపకండి. ఇంకో చిన్న ఖాతా తెరిచి, దాన్నే ఫోన్‌కు కలిపి, సోమవారం సోమవారం వారానికి సరిపడా డబ్బు అందులో వేసుకోండి. శనివారానికి అయిపోతే అయిపోయినట్టే.

ఇంతలో ఈ నాయన లేచి నిలబడ్డాడు. చెప్పు నాయనా. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే కంపెనీలో పని, చేతికి 24,000 వస్తుంది, ఇద్దరు పిల్లలు, 'ఇందులో దాచడానికి ఏముందమ్మా' అంటున్నాడు. న్యాయమైన ప్రశ్న. రా, బోర్డు మీద రాద్దాం. బాడుగ ఆరు వేలు. సరుకులు, కూరగాయలు ఐదున్నర వేలు. పాలు పదిహేను వందలు. గ్యాసు, కరెంటు పదిహేడు వందలు. స్కూలు రెండు వేలు. పెట్రోలు రెండు వేలు. ఫోన్లు ఆరు వందలు. అప్పు ఏమైనా ఉందా? చెప్పు, అందరం మనవాళ్లమే. అరవై వేలు, రెండు రూపాయల వడ్డీ, చెల్లెలి పెళ్లికి తెచ్చింది. అంటే నెలకు పన్నెండు వందలు. మొత్తం కలుపు. ఇరవై వేల ఐదు వందలు. మిగిలిన మూడున్నర వేలు ఎక్కడ పోతున్నాయి? తెలీదంటున్నాడు. ఫోన్ తియ్యి నాయనా, పోయిన నెల చూద్దాం. గట్టిగా చదువు. ఉగ్గాని బజ్జీ డెబ్బై. టీ నలభై. బిర్యానీ రెండు వందల ఇరవై. గేమ్ ఏదో తొంభై తొమ్మిది. టీ ముప్పై. బొమ్మ మూడు వందల యాభై. చాలు చాలు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇక్కడ కూర్చున్న అందరి ఫోన్లలోనూ ఇదే ఉంటుంది.

ఇప్పుడు చూడండి. ఈ మూడున్నర వేలలో ఐదు వందలు టీకి, బజ్జీకి ఉంచుదాం. కష్టపడే మనిషికి సాయంత్రం వేడి బజ్జీ తినే హక్కు ఉంది. మిగిలిన మూడు వేలు అప్పు అసలుకు జమ చేయించు. నువ్వు ఇప్పుడు కట్టే పన్నెండు వందలు, ఈ మూడు వేలు కలిపి నెలకు 4,200. అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గుతుంది, ఆ తగ్గిందీ అసలుకే పోతుంది. ఆపకుండా కడితే పదిహేడు నెలల్లో అరవై వేలు మొత్తం తీరిపోతుంది. పదిహేడు నెలలు! పద్దెనిమిదో నెల నుంచి ఆ 4,200 నీదే. అది ఆర్‌డీలోకి మార్చు. నీ జీతం ఒక్క రూపాయి పెరగనవసరం లేదు. అప్పిచ్చినాయన అసలులో చిల్లర జమ తీసుకోనంటే, మూడు నెలలవి ఒక్కసారిగా తొమ్మిది వేలు తీసుకుపో, ఎవరూ కాదనరు. చెల్లు రాయించుకోవడం మర్చిపోకు. నీ భార్యను కూడా వెంట తీసుకుపో.

భార్యను ఎందుకు తీసుకుపొమ్మన్నానంటే, దాని వెనక ఒక కారణం ఉంది. నేను కళ్యాణదుర్గంలో ఉన్నప్పుడు ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. భర్త లారీ డ్రైవర్, యాక్సిడెంట్‌లో పోయి నెల అయింది. చేతిలో టిఫిన్ డబ్బా, దాని నిండా కాగితాలు. ఒక్కొక్కటి తీసి కౌంటర్ మీద పెట్టి, 'ఇందులో ఏదైనా డబ్బు కాగితం ఉందా సార్' అని పక్కనున్న మా క్లర్కును అడిగింది. కరెంటు బిల్లులు, టీవీ వారంటీ కార్డు, పిల్లాడి టీకాల కార్డు. అన్నిటికీ అడుగున ఒక ఆర్‌డీ పాస్‌బుక్కు. ఆమెకు అది ఉన్నట్టే తెలీదు. తెరిచి చూస్తే ముప్పై ఎనిమిది నెలలు కట్టాడు ఆమె భర్త, ఒక్క నెల తప్పకుండా. నామినీ గడి ఖాళీ. ఒక్క పేరు రాసి ఉంటే నాలుగు రోజుల్లో డబ్బు చేతికి ఇచ్చేవాళ్లం. ఆ పేరు లేక, వారసుల కాగితాల కోసం ఆమె చంకలో పిల్లాడితో నెలల తరబడి తిరిగింది. ఈ రాత్రికి ఇంటికి పోయి మీ పాస్‌బుక్కులన్నీ ముందు పెట్టుకుని చూడండి. నామినీ రాయని ఖాతా ఏదైనా ఉంటే రేపే రాయించండి. అప్పు ఎంతుందో, పొదుపు ఎంతుందో భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలి. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి అందులో రాయండి, దాన్ని అద్దం పక్కన మేకుకు తగిలించండి.

ఆ డ్రైవర్‌కు ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఉండుంటే రెండు లక్షలు వచ్చేవి. అప్పట్లో ఆ పథకం లేదు, 2015లో వచ్చింది. ఇప్పుడుంది. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల దాకా ఎవరైనా తీసుకోవచ్చు. ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు వచ్చేది ఇంకొకటి ఉంది, ఏడాదికి 436 రూపాయలు, యాభై ఏళ్లలోపు వాళ్లు చేరొచ్చు. రెండూ కలిపి 456. నెలకు 38 రూపాయలు. ఖాతా ఉన్న బ్యాంకులో, పోస్టాఫీసులో కాగితం రాసిస్తే చాలు. జూన్ ఒకటి నుంచి మే ముప్పై ఒకటి వరకు లెక్క. మే చివర్లో ఖాతాలోంచి దానంతట అదే పోతుంది. ఆ వారం ఖాతాలో ఐదు వందలు లేక ఎంతోమందికి బీమా ఆగిపోయింది. మే నెల క్యాలెండర్ మీద ఇప్పుడే పెన్నుతో గుండ్రంగా చుట్టండి.

ఆడపిల్లలున్న వాళ్లకు ఒక్క మాట, తర్వాత నన్ను వదిలేస్తారు. ఆడపిల్ల పుట్టగానే బంగారం కొనాలని అనుకుంటారు. కొనండి, కానీ నగగా కొంటే మజూరీ, తరుగు అని నూటికి పది, పదిహేను అప్పుడే పోతుంది, మళ్లీ అమ్మేటప్పుడు అది తిరిగి రాదు. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లలోపు ఆడపిల్లకు తెరవచ్చు. ఏడాదికి 250 రూపాయలు వేసినా ఖాతా బతికి ఉంటుంది. పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు చేతికి వస్తుంది. పాపకు పద్దెనిమిది నిండాక చదువుకు సగం తీసుకోవచ్చు. ఇప్పుడున్న వడ్డీ 8.2 శాతం. అది ఇట్లాగే ఉంటే, నెలకు వెయ్యి రూపాయలు వేసిన ఇంటికి చివరికి ఐదున్నర లక్షల దాకా వస్తుంది. కట్టింది లక్షా ఎనభై వేలే. వడ్డీ ఈసారి మన కోసం పనిచేస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లు, రాత్రీ పగలూ.

ఫారాలు నేను తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. పాప జనన ధ్రువపత్రం, తల్లి లేదా తండ్రి ఆధార్, పాన్, రెండు ఫొటోలు కావాలి. ఈరోజు ఆదివారం కాబట్టి ఫారం మాత్రం నింపుదాం, డబ్బు రేపు పొద్దున కౌంటర్‌లో కట్టండి. నేనూ అక్కడే ఉంటాను, పది గంటలకు. ఆ కుర్చీలో కూర్చున్న తల్లీ, పాప నిద్రపోయినట్టుంది, లేపొద్దు, అట్లే మెల్లగా ఎత్తుకుని రా. పాప పేరు ఏం పెట్టారు? చెప్పు, మొదటి ఫారం నీదే నింపుదాం.